ఏరిచ్చిన చెయ్యి

బుధవారం పొద్దున్న షట్టరు ఎత్తేసరికి షాపులో నీలం కంపెనీ బల్ల లేదు.

నూజివీడు బస్టాండు దగ్గర వీరభద్రరావు గారి సెల్ షాపులో నిన్నటిదాకా ట్యాబులకి రెండు బల్లలుండేవి. ఒకటి నారింజరంగు కంపెనీది, ఒకటి నీలం కంపెనీది, ఎదురెదురుగా. కొనేవాడు మధ్యలో నుంచుని ఇటు చూసి, అటు చూసి, రెండూ చేతిలోకి తీసుకుని, ఎటూ తేలక బయటికెళ్ళి టీ తాగి వచ్చి మళ్ళీ చూసేవాడు. ఇప్పుడు ఆ రెండో బల్ల ఉన్నచోట గచ్చు మీద నాలుగు కాళ్ళ మచ్చలు మిగిలాయి.

కీర్తిప్రియ బ్యాగు మేకుకి తగిలించి, నారింజరంగు టీషర్టు సర్దుకుంది. ఆ టీషర్టు కంపెనీది. జీతం ఇచ్చేదీ కంపెనీయే, అదీ సూటిగా కాదు, విజయవాడలో ఏదో ఏజెన్సీ ద్వారా. షాపులోకి వచ్చేవాళ్ళకి ఈ భాగోతమంతా ఎక్కడ తెలుస్తుంది? బల్ల పక్కన నుంచున్న పిల్ల షాపు పిల్లే అనుకుంటారు. "ఏది మంచిదమ్మా?" అని అడుగుతారు. నారింజదే మంచిదని చెప్పడానికే ఆ పిల్లని అక్కడ నిలబెట్టారని ఎవరికీ తట్టదు. తట్టాలని ఎవరూ బోర్డు పెట్టరు కదా!

"వాళ్ళ బల్ల ఏదండీ?" అంది.

వీరభద్రరావు గారు దేవుడి పటాల ముందు అగరొత్తి తిప్పుతున్నారు. "పైన గోడౌన్లో పెట్టించాను. వాళ్ళ డబ్బాలు కూడా అక్కడే ఉన్నాయి," అన్నారు, ఆమె వైపు తిరక్కుండానే.

పదకొండింటికి అభిషేక్ దిగాడు. నారింజ కంపెనీ తరఫున ఈ చుట్టుపక్కల షాపులన్నీ చూసుకునేవాడు. వెంట కొత్త గాజుబల్ల, దాని మీద వేలాడదీసే లైట్లు, షాపుకి కొత్త ఏసీ. అన్నీ కంపెనీ ఖర్చే. బదులుగా కాలేజీలు తెరిచే ఈ సీజనంతా షాపులో వాళ్ళ బల్ల ఒక్కటే ఉండాలి. అదీ ఒప్పందం. వీరభద్రరావు గారు ఏసీ కింద నుంచుని చొక్కా పై గుండీ విప్పుకున్నారు.

"ఎవరైనా నీలంది అడిగితే ఏం చెప్తావు?" అన్నాడు అభిషేక్, కీర్తిప్రియతో.

"లేదని చెప్తాను సార్."

"లేదనకు. 'స్టాకు రావడం లేదండీ' అను."

"పైన ఉందిగా సార్?"

"పైన ఉంది. కిందికి వస్తోందా? రావడం లేదు. ఇందులో అబద్ధం ఏముంది చెప్పు?" అని తన తెలివికి తనే నవ్వుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "నెలాఖరుకి ఇరవై అవ్వాలి. నీవి పదిహేడయ్యాయి. ఇరవై చేసినవాళ్ళని కంపెనీ సొంతంగా తీసుకుంటోంది, పర్మినెంటు. చేయనివాళ్ళని ఏజెన్సీ జూన్ నుంచి తీసేస్తోంది. నా చేతుల్లో ఏం లేదమ్మా, ముందే చెప్తున్నా."

కీర్తిప్రియ తలూపింది. డిగ్రీ అయ్యాక రెండు సీజన్లు ఆమె రెడ్డిగూడెంలో ఒక షెడ్డులో మామిడికాయల మీద స్టిక్కర్లు అంటించింది. రోజూ పొద్దుగూకేసరికి వేళ్ళు జిగురుతో అతుక్కుపోయేవి. ఈ ఉద్యోగం పోతే మళ్ళీ అక్కడికే.

రెండు బల్లలూ ఉన్నప్పుడు మధ్యాహ్నాలు షాపు ఖాళీగా ఉంటే, ఆమే, ఎదుటి నీలం బల్ల దగ్గరుండే శ్రీకాంతూ ట్యాబులు మార్చుకుని చూసుకునేవాళ్ళు. పోటీయే గానీ కొట్లాట కాదు. నారింజదానికి గొంతు బాగుంటుంది, పాఠం వింటుంటే మాస్టారు పక్కన కూర్చుని చెప్పినట్టే ఉంటుంది. నీలందానికి తెర మంచిది. అక్షరం ఎంత పెద్దది చేసినా చెదరదు, ఎండలోకి తీసుకెళ్ళినా కనపడుతుంది. ధర ఇంచుమించు ఒకటే. ఎవరికి ఏది కావాలో వాళ్ళు తీసుకునేవాళ్ళు. శ్రీకాంత్ ఇప్పుడు హనుమాన్ జంక్షన్లో ఇంకో షాపుకి వెళ్ళిపోయాడట.

గురువారం ఒక స్కూలు మాస్టారు వచ్చి నీలంది అడిగారు. "స్టాకు రావడం లేదండీ," అంది కీర్తిప్రియ. మొదటిసారి కదా, 'రావడం' దగ్గర నాలుక కాస్త తడబడింది. ఆయన పట్టించుకోలేదు, నారింజదే తీసుకెళ్ళారు. పద్దెనిమిది. శుక్రవారం ఇంకొకరు అడిగారు. ఈసారి తడబడలేదు. పంతొమ్మిది.

శనివారం నెలాఖరు. పొద్దున్నుంచీ ఈగ వాలలేదు. మే నెల ఎండకి రోడ్డు మీద మామిడికాయల లారీలు తప్ప మనిషి కనపడటం లేదు. కీర్తిప్రియ పసుపు గుడ్డతో ట్యాబుల మీద వేలిముద్రలు తుడిచింది. ఎవరూ ముట్టుకోలేదు, అయినా మళ్ళీ తుడిచింది.

ఒంటిగంట దాటాక ఒక పెద్దావిడ, వెంట పదహారేళ్ళ పిల్ల లోపలికి వచ్చారు. ఆవిడ స్టూలు మీద కూలబడి చెంగుతో మెడ తుడుచుకుంటూ "అబ్బ, ఎంత చల్లగా ఉందమ్మా మీ షాపు!" అన్నారు. పిల్ల కళ్ళద్దాలు చాలా మందంగా ఉన్నాయి. బల్ల మీద ధరల అట్ట తీసి ముక్కుకి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని చదువుతోంది.

"మా మనవరాలమ్మా, హాసిని. టెన్తులో ఐదొందల డెబ్భై వచ్చాయి," అన్నారు పెద్దావిడ. "పుట్టినప్పట్నుంచీ దీనికి చూపు తక్కువ. పుస్తకంలో అక్షరం ఆనదు. ట్యాబులో అయితే పెద్దది చేసుకుని చదువుకోవచ్చుట, వాళ్ళ టీచరుగారు చెప్పారు. ఇంటర్లో చేరుతోంది. వాళ్ళ నాన్నకి కోతలు, తోట వదిలి రాలేడు. నాకా, ఇవేవీ తెలియవు."

"అక్కా," అంది హాసిని అట్ట దించి. "మా ఫ్రెండు దగ్గర నీలం కంపెనీది చూశాను. అందులో నాకు బాగా కనపడింది. అది ఉందా?"

షాపు వెనక పైకి వెళ్ళే మెట్లున్నాయి. తొమ్మిది మెట్లు. ఎక్కి దిగడానికి నిమిషం పట్టదు. కీర్తిప్రియ అటు చూసింది. క్యాషు దగ్గర వీరభద్రరావు గారూ ఒకసారి అటు చూసి, మళ్ళీ పేపర్లోకి తలదూర్చారు.

"అది స్టాకు రావడం లేదమ్మా," అంది.

"అలాగా," అంది హాసిని. మళ్ళీ అడగలేదు. నారింజ ట్యాబు మీదికి వంగింది. కొత్త లైట్ల కింద తెర ధగధగా మెరుస్తోంది. "ఇదీ బాగానే ఉన్నట్టుంది," అంది సందేహంగా.

పెద్దావిడ కీర్తిప్రియని ఎగాదిగా చూస్తున్నారు. "ఏ ఊరమ్మా నీది?"

"రెడ్డిగూడెం దగ్గరండీ. శ్రీమన్నారాయణ గారి అమ్మాయిని."

"మలుపులో రోడ్డు పక్కన రసాలు పెట్టుకుని కూర్చుంటాడు, ఆ శ్రీమన్నారాయణ కూతురివా! ఇందాకట్నుంచీ అనుకుంటున్నాను, ఈ ముక్కు ఎక్కడో చూశానే అని. నేను సీతారావమ్మనే, మీ తోట దాటాక మా తోట. మామ్మగారూ అనవే నన్ను." ఆవిడ మొహం విప్పారింది. స్టూలు మీద వెనక్కి జారి నిమ్మళంగా కూర్చున్నారు. "ఇంకేం, దిగులు తీరింది. నీ చేత్తో ఏరివ్వమ్మా."

మామిడి ఊళ్ళలో ఆ మాట ఊరికే అనరు. కొనేవాడు తనే ఏరుకుంటే మంచీ చెడూ అతనివే. ఇంటికెళ్ళి కోస్తే పుచ్చు వచ్చినా, పీచు వచ్చినా నోరెత్తడానికి లేదు. అదే బుట్ట నీ ముందుకి తోసి 'నీ చేత్తో ఏరివ్వు' అన్నాడూ అంటే, తన కళ్ళు మూసుకుని నీ కళ్ళతో చూస్తున్నాడన్నమాట. అప్పుడు అమ్మేవాడు తనకి నష్టమైనా సరే, మంచి కాయే పెట్టాలి. మచ్చ కాయ ఒకటి చేతికి తగిలితే పక్కన పడేయాలి. ఆ బుట్టలో ఒక్క కాయ తప్పినా ఆ తోట ఎవరిదో ఊళ్ళో పేరు పెట్టి చెప్పుకుంటారు. కీర్తిప్రియకి ఇది ఎవరూ నేర్పలేదు, నడక వచ్చినప్పట్నుంచీ చూస్తూనే ఉంది.

"ఏమ్మా, ఆలోచిస్తున్నావు?" అన్నారు సీతారావమ్మ గారు.

"ఏం లేదు మామ్మగారూ," అని వంగి, సొరుగు లాగి, నారింజరంగు డబ్బా ఒకటి పైకి తీసింది.

సీలు కోసింది. ట్యాబు బయటికి తీసి తడి కాగితంతో ఒకసారి, పొడి కాగితంతో ఒకసారి తెర తుడిచింది. వెలుతురికి ఎత్తిపట్టి, కంటికి ఆనని నలుసుని కూడా స్టిక్కరుతో అద్ది తీసింది. గాజు గార్డుని రెండు మూలలా పట్టుకుని, గీత మీద గీత పడేలా మెల్లగా వదిలింది. అది మధ్యలోంచి తనంతట తనే పరుచుకుంటూ పోయింది. అంచున ఒక్క బుడగ మిగిలితే అట్టముక్కతో బయటికి నెట్టేసింది. ఎంత శ్రద్ధగా చేసిందో! అంత శ్రద్ధగా ఆమె ఎవరికీ చేయలేదు.

"ఎంత పనిమంతురాలివే!" అన్నారు సీతారావమ్మ గారు. "మీ నాన్న చెయ్యే వచ్చింది నీకు."

కీర్తిప్రియ తలెత్తలేదు. బిల్లు మీద సంతకం పెట్టించుకుంది. ఇరవై.

ఆదివారం ఆమెకి సెలవు. పొద్దున్నే అభిషేక్ మెసేజి పెట్టాడు. కంగ్రాట్స్, మంగళవారం లెక్క మూస్తారు, బుధవారం లెటరు వస్తుంది, స్వీట్లు రెడీ చేసుకో, అని. వాళ్ళమ్మ ఆ మెసేజి రెండుసార్లు చదివించుకుని పాయసం చేస్తానంది. పది దాటాక కీర్తిప్రియ తండ్రికి సద్ది పట్టుకుని మలుపు దగ్గరికి వెళ్ళింది.

శ్రీమన్నారాయణ గోనెపట్టా మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. ముందు చిన్న రసాల రాశి. రోడ్డు మీద ఆగిన కారాయన వేలితో చూపించిన కాయని తీసి, తొడిమ దగ్గర బొటనవేలితో ఒత్తి చూసి, "ఇది మీకొద్దులెండి, రేపటికి మెత్తబడిపోద్ది," అని పక్కన పెట్టి ఇంకోటి వేశాడు. కారు వెళ్ళాక కూతురి చేతిలో గిన్నె అందుకున్నాడు.

"సీతారావమ్మ గారు పొద్దున్న గుడికెళ్తూ ఇక్కడ ఆగారే," అన్నాడు. "మీ పిల్ల నా మనవరాలికి ట్యాబు ఏరిచ్చింది, అద్దం అంటించిన పద్ధతి చూసి తీరాల్సిందే అని ఒకటే చెప్పడం. దారిన పోయేవాళ్ళని కూడా ఆపి చెప్పారు. ముప్పై ఏళ్ళ నుంచి ఏరుతున్నా, నాకెవరూ ఇంత పేరు తేలేదు. నువ్వు ఒక్కరోజులో తెచ్చేశావు కదే!"

నవ్వుతున్నాడు. ఎండకి కందిన మొహమంతా నవ్వే.

"నాన్నా, ఆ ట్యాబు..." అంది కీర్తిప్రియ.

అప్పుడే ఇంకో కారు ఆగింది. శ్రీమన్నారాయణ గిన్నె పక్కన పెట్టి, చేతులు పంచెకి తుడుచుకుని లేచాడు. ఆమె కాసేపు నుంచుని, అతను పక్కన పెట్టిన మచ్చ కాయలన్నీ ఒక సంచిలోకి ఎత్తి, ఇంటికొచ్చేసింది. ఆ పూట పాయసం తాగలేదు. ఎందుకే అని వాళ్ళమ్మ అడిగితే తలనొప్పి అంది.

సోమవారం షాపు తెరిచిన గంటకే సీతారావమ్మ గారు వచ్చారు. ఈసారి హాసినితోపాటు ఇంకొకావిడ కూడా ఉంది. ఆవిడ పేరు అచ్చమ్మ, వాళ్ళ వీధే, కొడుకుని పాలిటెక్నిక్‌లో చేరుస్తోంది. సీతారావమ్మ గారు చంకలోంచి చిన్న వెదురుబుట్ట దించి గాజుబల్ల మీద, సరిగ్గా కీర్తిప్రియ ముందు పెట్టారు. ఎండుగడ్డి మీద పన్నెండు రసాలు.

"నా చేత్తో ఏరి తెచ్చాను," అన్నారు. "ఒక్కటి పీచుందంటే చెప్పు, మళ్ళీ మొహం చూపించను."

అలా అని, అచ్చమ్మని వెంటబెట్టుకుని క్యాషు దగ్గరికి వెళ్ళి, ఈ పిల్ల ఎలాంటిదో, వాళ్ళ నాన్న ఎలాంటివాడో వీరభద్రరావు గారికి చెప్పడం మొదలుపెట్టారు. ఆయన "అవునండీ, అవునండీ," అంటున్నారు గానీ పేపరు మడత విప్పుతున్నారు, మళ్ళీ మడుస్తున్నారు.

హాసిని బల్ల దగ్గరే ఉండిపోయింది. ట్యాబు గుండెకి ఆనించి పట్టుకుంది. కొత్త కవరు వేయించారు.

"ఎలా ఉంది?" అంది కీర్తిప్రియ. అడగక్కర్లేదు, తెలుసు. అయినా అడిగింది.

ఆ పిల్ల నానమ్మ వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "ఇక్కడ లైట్ల కింద బాగానే ఉందక్కా. ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుంటే ఏం కనపడటం లేదు. పెద్దది చేస్తే అక్షరాల అంచులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. నిన్న ఒక పేజీ చదివేసరికి కళ్ళమ్మట నీళ్ళు కారాయి." వెంటనే తనే సర్దుకుంది. "ఫర్వాలేదు, అలవాటవుతుందిలే. మీకు మాత్రం ఏం తెలుసు, అది స్టాకు రాలేదుగా. నానమ్మకి చెప్పకండక్కా. మీరు ఏరిచ్చారని ఊరంతా చెప్పుకుంది. బాధపడుతుంది."

కీర్తిప్రియ బుట్టలో కాయల వైపు చూసింది. తిట్టినా బాగుండేది. ఆ పిల్ల తన కళ్ళు పాడుచేసుకుని, వాళ్ళ నానమ్మ మాటనీ, మధ్యలో ఈమె మర్యాదనీ కాపాడుతోంది. రెండేళ్ళు చదవాలి ఆ తెర మీద! బుధవారం వచ్చే లెటరు, పర్మినెంటు, అన్నీ ఆమె కళ్ళముందు ఉన్నాయి. లేవని కాదు. ఒక్కరోజు నోరు మూసుకుంటే చాలు.

అంతలో అచ్చమ్మ వచ్చి బల్ల మీద చెయ్యి వేసింది. "మా వాడిక్కూడా ఒకటి కావాలమ్మా. ఆవిడకి ఇచ్చినట్టే, నీ చేత్తో ఏరివ్వు."

"నేను ఏరలేదండీ," అంది కీర్తిప్రియ.

గట్టిగానే అంది. క్యాషు దగ్గర మాటలు ఆగిపోయాయి. సీతారావమ్మ గారు ఇటు తిరిగారు.

"ఏంటమ్మా?"

"హాసినికి నేను ఏరివ్వలేదు మామ్మగారూ. అమ్మాను." ఒంటి మీది నారింజరంగు టీషర్టు పట్టుకుని చూపించింది. "నేను ఈ షాపు మనిషిని కాదు. ఈ నారింజ కంపెనీ మనిషిని. ఇవి అమ్మడానికే నన్ను పెట్టారు. ఆ రోజు హాసిని అడిగింది పైనే ఉంది. దాని తెర మంచిదని నాకు తెలుసు. ఇంకొక్కటి అమ్మితే నా ఉద్యోగం పర్మినెంటు అవుతుంది. అందుకని రావడం లేదన్నాను."

సీతారావమ్మ గారు నెమ్మదిగా నడిచి దగ్గరికి వచ్చారు.

"నా మొహం చూసి చెప్పావా ఆ మాట?"

"హాసిని మొహం చూసి చెప్పానండి."

ఆవిడ తిడతారేమోనని కీర్తిప్రియ ఎదురుచూసింది. తిట్టలేదు. "నీ చేత్తో అన్నానే," అన్నారు, అంతే. అది తనకి తను చెప్పుకున్నట్టుంది.

కీర్తిప్రియ మెట్లెక్కింది. గోడౌన్లో అట్టపెట్టెల వెనక నీలం కంపెనీ వాళ్ళు జనానికి చూపించే ట్యాబు బల్లతోపాటే పడుంది. దాన్ని, కొత్త డబ్బా ఒకదాన్ని పట్టుకుని కిందికి దిగింది. చార్జింగు పెట్టి, కాస్త ప్రాణం వచ్చాక దాన్నీ, హాసిని ట్యాబునీ షాపు బయట మెట్టు మీదికి తీసుకెళ్ళింది. "లోపల చూడకు హాసినీ. ఆ లైట్ల కింద అన్నీ బాగానే ఉంటాయి. ఇక్కడ చూడు."

రెండింటిలోనూ ఒకటే పాఠం తెరిచింది. హాసిని మెట్టు మీద కూర్చుని నారింజదాన్ని ముక్కు దాకా తెచ్చుకుని, కళ్ళు చికిలించి రెండు ముక్కలు చదివి ఆగింది. నీలందాన్ని తీసుకుంది. అలవాటుగా పైకి ఎత్తబోయి, సగంలో ఆగిపోయింది. చెయ్యి దానంతట అదే కిందికి దిగింది. ట్యాబు ఒళ్ళో పెట్టుకుని, మెడ నిటారుగా పెట్టి, ఆగకుండా పేజీ చివరిదాకా చదివింది. చదువుతూ ఉంటే ఆ పిల్ల మొహంలోకి నవ్వు వచ్చింది. సీతారావమ్మ గారు చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

వీరభద్రరావు గారు గడప దగ్గరికి వచ్చి నుంచున్నారు. "ఆ నారింజది వెనక్కి తీసుకుందాం," అన్నారు. "సీలు తీసింది కదా, అమ్మడానికి పనికిరాదు. బల్ల మీద చూపించడానికి ఉంచేస్తాను." తర్వాత కీర్తిప్రియకి మాత్రమే వినపడేలా "మీ వాళ్ళ లెక్కలో పంతొమ్మిదే అవుతుందమ్మా," అన్నారు.

"అవుతుందండి."

"నేనూ ఆ రోజు నోరు మెదపలేదు," అన్నారాయన. లోపలికి వెళ్ళి కొత్త బిల్లు రాయడం మొదలుపెట్టారు. నీలం కంపెనీ బల్లని మళ్ళీ కిందికి దించమని ఎవరికో ఫోనులో చెప్తున్నారు.

ఈ గొడవంతా అయ్యేదాకా అచ్చమ్మ ఏం చేయాలో తెలియక ఒక పక్కన నిలబడిపోయింది. ఇప్పుడు మెల్లగా ముందుకొచ్చి, "అయితే మా వాడికి ఏది తీసుకోమంటావమ్మా?" అంది, కీర్తిప్రియతోనే.

"ఆ పిల్లని అడక్కు అచ్చమ్మా," అన్నారు సీతారావమ్మ గారు. "హాసినిని అడుగు."

కోపంగా అనలేదు. ఎవరికో దారి చెప్పినట్టు, మామూలుగా అన్నారు. గాజుబల్ల మీద బుట్టని తన వైపుకి జరుపుకున్నారు.

కీర్తిప్రియ పక్కకి తప్పుకుంది. ఆమె రోజూ నుంచునే చోటికి హాసిని వచ్చింది. "మీ వాడు ఎక్కువ చదువుతాడా అత్తా, పాఠాలు వింటాడా?" అని అడిగింది.

"వాడు చదవడం కూడానా! చెవుల్లో అవి పెట్టుకుని వింటూ కూర్చుంటాడు."

"అయితే ఈ నారింజదే తీసుకోండి. దీని సౌండు చాలా బాగుంది. మూడు రోజుల నుంచి వింటున్నాగా," అంది హాసిని. అని, నమ్మకం చాలక, తల తిప్పింది. "అంతేనా అక్కా?"

అంతే. నూటికి నూరుపాళ్ళూ అంతే. పైగా ఇది జూన్ నెల అమ్మకం, ఆ ఇరవై లెక్కలోకి రాదు. కీర్తిప్రియ నోరు తెరవబోయి సీతారావమ్మ గారి వైపు చూసింది. ఆవిడ బుట్టలో కాయల మీద గడ్డి సర్దుకుంటున్నారు, తలెత్తలేదు.

"రెండూ ఆవిడకే ఇచ్చి వినమను హాసినీ," అంది.

అచ్చమ్మ ముందు ఒకటి, తర్వాత ఇంకోటి చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని వింటోంది. కీర్తిప్రియ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.